సంగటా, అన్నమా, జొన్న రొట్టెనా: బరువు తగ్గాలనుకునే సీమవాళ్లు ఏది ఎంచుకోవాలి?

కర్నూలులోనైనా, అనంతపురంలోనైనా, కడపలోనైనా బరువు తగ్గాలని నోరు జారితే చాలు, మొదట వచ్చే సలహా ఒకటే: "అన్నం మానేసి సంగటి తిను." రెండోది, "రాత్రికి జొన్న రొట్టె తిను." మూడోది, పొద్దున్నే వేడినీళ్లలో తేనె, నిమ్మరసం. మొదటి రెండూ సగం నిజాలు. మూడోది సగం కూడా కాదు. తేనె కొవ్వును కరిగించదు, అందులో ఉన్నదీ చక్కెరే.

మన వంటింట్లో బరువు పెంచేది చాలాసార్లు ధాన్యం కాదు. దాని పక్కన చేరే నూనె, చెనిక్కాయల (వేరుశనగల) ముద్ద, అడక్కుండానే పడే రెండో గరిటె, మధ్యమధ్యలో తాగే టీలు. ఎవరైనా సంగటికి మారి మూడు నెలలైనా తూకం కదలలేదంటే అక్కడే వెతకాలి. అందుకే ఇక్కడ పోలికలన్నీ మన ఇళ్లలో, మన వీధుల్లో నిజంగా ఎదురయ్యే వాటి మధ్యే పెట్టాను. క్వినోవా, అవకాడోల జోలికి పోలేదు. 2022లో జిల్లాలు విడిపోయి నంద్యాల, శ్రీ సత్యసాయి, అన్నమయ్య పేర్లు వచ్చాయి గానీ వంటలు ఇంకా ఉమ్మడిగానే ఉన్నాయి కాబట్టి పాత జిల్లాల లెక్కలోనే మాట్లాడుకుందాం.

ధాన్యాల లెక్క

వండకముందు 100 గ్రాముల బియ్యంలో దాదాపు 350 కేలరీలు ఉంటాయి. రాగుల్లో 320 నుంచి 330. జొన్నల్లో 340కి అటూ ఇటూ. సద్దల్లో 350 పైచిలుకు. కొర్రల్లో కూడా 330 నుంచి 350 మధ్యే. అంటే ఒకే తూకం తింటే ఏది తిన్నా కేలరీల్లో పెద్ద తేడా లేదు. చాలామందికి ఇది మింగుడు పడదు. చిరుధాన్యం అంటేనే సన్నబడే మందు అన్నట్టు ప్రచారం జరిగింది. 2023ను ఐక్యరాజ్యసమితి చిరుధాన్యాల సంవత్సరంగా ప్రకటించాక ఆ ఊపు ఇంకా పెరిగింది.

మరి తేడా ఎక్కడ? పీచులో. పాలిష్ పట్టిన బియ్యంలో 100 గ్రాములకు 3 గ్రాముల లోపు పీచు ఉంటే రాగుల్లో, సద్దల్లో 11 గ్రాముల దాకా, జొన్నల్లో 10 దాకా ఉంటుంది. పీచు ఎక్కువైతే కడుపు తొందరగా నిండుతుంది, మళ్లీ ఆకలి ఆలస్యంగా వేస్తుంది. ఆ ఆలస్యం వల్ల మీరు తక్కువ తింటేనే బరువు తగ్గేది. సంగటి తిన్నాక కూడా ఎప్పటిలాగే రెండు గరిటెల పెరుగన్నం తింటే, పీచు చేసే మేలు అక్కడే ఆగిపోతుంది.

సంగటి విషయంలో ఇంకో మెలిక ఉంది. రాగి సంగటి అంటాం గానీ అందులో బియ్యమో నూకలో కలుస్తాయి. బియ్యం మెత్తగా ఉడికాక పిండి వేసి కట్టెతో గెలుకుతాం. కొన్ని ఇళ్లలో పిండి ఎక్కువ, బియ్యం తక్కువ. కొన్ని హోటళ్లలో దీనికి తలకిందులు. రంగు చూసి పోల్చుకోవచ్చు: సంగటి ముదురు రంగులో ఉంటే రాగి ఎక్కువ, లేత బూడిద రంగులోకి తిరిగితే బియ్యం ఎక్కువ. పైగా సంగటిని నమలం, పులుసులో అద్ది మింగుతాం. తినే వేగం ఎక్కువైతే కడుపు నిండిన సంగతి తెలిసేలోపే ముద్ద అయిపోతుంది. ఇంట్లో ఒక్కసారి త్రాసు పెట్టి చూడండి. పిండి, బియ్యం కలిపి మనిషికి 70, 80 గ్రాముల పొడి సరుకు వేస్తే 230 నుంచి 280 కేలరీలు. ఆ కొలతకు ముద్ద ఎంత వస్తుందో ఒకసారి చూస్తే, ఇక తర్వాత త్రాసు అక్కర్లేదు, చేతికే తెలుస్తుంది. హోటల్లో పెట్టే ముద్ద దానికంటే పెద్దదిగానే కనిపిస్తుంది, అక్కడ సగం మాత్రమే తీసుకున్నా తప్పు లేదు.

జొన్న రొట్టెకు నా ఓటు ఎక్కువ, ముఖ్యంగా రాత్రికి. కారణం పీచు ఒక్కటే కాదు. మొదటిది, లెక్క తెలుస్తుంది. అన్నం ఎంత తిన్నావంటే ఎవరూ చెప్పలేరు, రొట్టెలు ఎన్ని తిన్నావంటే చెప్పేస్తారు. రెండోది, నమలాలి. మూడోది, జొన్న రొట్టెను వేడినీళ్లతో కలిపి, చేత్తో తట్టి, పైన తడి రాసి కాలుస్తారు, చుక్క నూనె పడదు. ఒక రొట్టెకు 60 గ్రాముల పిండి అనుకుంటే సుమారు 200 కేలరీలు. అదే చపాతీ అయితే పిండి తక్కువే పడుతుంది గానీ మడతల్లో, పెనం మీద కలిపి టీస్పూన్ నూనె పోస్తే ఇంకో 45 కేలరీలు తోడవుతాయి. సాయంత్రాల్లో రోడ్డు పక్కన పొయ్యి పెట్టుకుని రొట్టెలు కాల్చే ఆడవాళ్ల దగ్గర రెండు రొట్టెలు కట్టించుకుని, ఇంట్లో ఆకుకూర పప్పు చేసుకుంటే అంతకంటే మంచి రాత్రి భోజనం ఊళ్లో దొరకదు. రొట్టె తట్టడం రానివాళ్లు, టైం లేనివాళ్లు దీనికోసం టెన్షన్ పడనక్కర్లేదు, కొనుక్కున్నా అదే రొట్టె.

కొర్రలు ఎవరికి పనికొస్తాయంటే, అన్నం రూపం వదులుకోలేని వాళ్లకు. చారు పోసుకుని, పప్పు కలుపుకుని తినాలి కానీ కె.సి. కెనాల్ (కర్నూలు-కడప కాలువ) కింద పండే సన్నబియ్యమే కావాలని పట్టుబట్టని మనిషికి కొర్రన్నం చక్కగా సరిపోతుంది. పొడిపొడిగా ఉంటుంది కాబట్టి సహజంగానే కొంచెం తక్కువ తింటాం. మన నేలకు ఇది కొత్త పంటేమీ కాదు. సూర్యనంది అనే కొర్ర రకం నంద్యాల ప్రాంతీయ వ్యవసాయ పరిశోధనా స్థానం నుంచే వచ్చింది. కొనేటప్పుడు బాగా తెల్లగా పాలిష్ పట్టినవి కాకుండా కాస్త పసుపుగా ఉన్నవి చూసుకోండి.

అన్నమే తినేవాళ్లు అన్నమే తినండి. కానీ వడ్డించే వరుస మార్చండి. ముందు కూరో పల్యమో ఒక కప్పు, తర్వాత పప్పుతో అన్నం, చివర పెరుగన్నం బదులు గ్లాసు మజ్జిగ. సీమ భోజనంలో చివరి పెరుగన్నం దగ్గర చాలామంది ఓడిపోతారు. కడుపు నిండాక కూడా "పెరుగన్నం తినకుండా లేస్తావా నాయనా" అని అవ్వ గిన్నె తెస్తుంది. అది ఇంకో 200 కేలరీలు. అవ్వను నొప్పించకుండా మజ్జిగ అడిగి తాగేయడం నేర్చుకోవాలి.

షుగర్ మాత్రలు గానీ ఇన్సులిన్ గానీ వాడేవాళ్లకు ఒక మాట. అన్నం, సంగటి ఒక్కసారిగా సగానికి తగ్గిస్తే షుగర్ మరీ పడిపోయే ప్రమాదం ఉంది. మందు మోతాదు చూసే డాక్టరుకు చెప్పి తగ్గించండి. కిడ్నీ సమస్య ఉన్నవాళ్లు పప్పు, మాంసం పెంచే ముందు అడగాలి. గర్భిణులు, పాలిచ్చే తల్లులు బరువు తగ్గే పని ఇప్పుడు పెట్టుకోవద్దు.

అసలు మొత్తం నూనెలోనే ఉంది

ధాన్యం గురించి ఇంటింటా గొడవ పడతాం, నూనె గురించి ఎవరూ మాట్లాడరు. పిండి పదార్థమైనా, ప్రోటీన్ అయినా గ్రాముకు 4 కేలరీలు. కొవ్వు గ్రాముకు 9. గానుగ నూనె, రీఫైండ్, పొద్దుతిరుగుడు, నెయ్యి, ఏదైనా ఇంతే. గానుగ నూనె మంచిదని నాలుగు గరిటెలు ఎక్కువ పోసే ఇళ్లు నాకు తెలుసు. రుచికి మంచిదే, నేనూ కాదనను, నడుముకు మాత్రం రెండూ ఒకటే.

హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన ఆహార మార్గదర్శకాల్లో 2000 కేలరీల రోజువారీ పళ్లేనికి నూనె, కొవ్వు కలిపి 27 గ్రాములు పెట్టారు. దీన్ని వంటింటి భాషలోకి తెచ్చుకుంటే, నలుగురు పెద్దలున్న ఇంట్లో నెలకు మూడున్నర లీటర్లు. బరువు తగ్గాలంటే మనిషికి 20 గ్రాములు చాలనుకోవచ్చు, అప్పుడు రెండున్నర లీటర్లు దాటకూడదు. మీ ఇంట్లో నెలకు ఎన్ని ప్యాకెట్లు కత్తిరిస్తున్నారో అమ్మనో, ఆవిడనో, మీరే వండితే మిమ్మల్నో అడగండి. ఐదు, ఆరు ప్యాకెట్లు అయితే సంగటికి మారి లాభం లేదు. నూనె డబ్బా నుంచి నేరుగా బాణలిలోకి వంచే అలవాటు తీసేసి స్పూనుతో పోయడం ఒక్కటే చాలా తేడా చూపిస్తుంది.

కూరల్లో పోటీ పెడితే నా వరుస ఇది. ముందు ఆకుకూర పప్పు: చుక్కకూర, పాలకూర, గోంగూర, చింతచిగురు, ఏది దొరికితే అది. కందిబ్యాళ్లలో 100 గ్రాములకు 22 గ్రాముల దాకా ప్రోటీన్ ఉంటుంది, ఆకులో పీచు ఉంటుంది, తిరగమోతకు ఒక స్పూను నూనె సరిపోతుంది. దాని తర్వాత బీరకాయ, సొరకాయ, గోరుచిక్కుడు, బెండకాయ తాలింపులు, నూనె తక్కువతో చేస్తే. గుత్తివంకాయ చాలా వెనక. వంకాయది తప్పు కాదు. వంకాయ నూనె పీల్చుకుంటుంది, లోపల చెనిక్కాయలు, నువ్వులు, కొబ్బరి కూరుతాం, పైన మళ్లీ నూనె తేలితేనే బాగుందంటాం. జొన్న రొట్టెకు గుత్తివంకాయ జోడీ బ్రహ్మాండంగా ఉంటుందన్నది నిజమే, ఆదివారానికి ఉంచుకోండి.

ఊరుబిండి సంగతి వేరు. వేయించిన చెనిక్కాయలు, మిరపకాయలు, చింతపండు నూరి చేసే ఈ ముద్దలో పోషకాలకు కొదవ లేదు. కానీ నిమ్మకాయంత ముద్దలో సుమారు 130 నుంచి 150 కేలరీలు ఉంటాయి. సంగటికి అదే ప్రధాన కూరగా తింటే రెండు మూడు నిమ్మకాయలంత లోపలికి పోతుంది. పక్కన పప్పో, పుల్లగూరో పెట్టుకుని ఊరుబిండిని నంజుకోవడానికి మాత్రమే వాడితే ఏ ఇబ్బందీ లేదు.

ఆ మార్గదర్శకాల్లోనే పళ్లెంలో సగం కూరగాయలు, పండ్లు ఉండాలన్నారు, కూరగాయలే రోజుకు 400 గ్రాములు. మన దగ్గర కూర అంటే అన్నానికి తోడు. కూరను కప్పుతో, అన్నాన్ని గరిటెతో కొలవడం మొదలుపెడితే ఆ సగం దగ్గరికి వస్తాం.

పొద్దున టిఫిన్: ఉగ్గాని, కారం దోశ, ఇడ్లీ

ఉగ్గానికి చెడ్డపేరు తెచ్చింది బజ్జీ. బొరుగులు (మరమరాలు) నానబెట్టి, నీళ్లు పిండేసి, ఉల్లిపాయ, టమాటా, పచ్చిమిరపతో తాలింపు పెట్టి, పప్పుల పొడి, నిమ్మరసం కలిపితే ఒక ప్లేటు 300 కేలరీలకు అటూ ఇటూ ఉంటుంది, అదీ 50 గ్రాముల బొరుగులు, రెండు టీస్పూన్ల నూనె పడితే. బొరుగులు తేలిక కాబట్టి ప్లేటు నిండుగా కనిపిస్తుంది, కంటికి తృప్తి. లోపం ఏమిటంటే ప్రోటీన్ తక్కువ, 11 గంటలకల్లా మళ్లీ ఆకలేస్తుంది. దానికి విరుగుడుగా పప్పుల పొడి కొంచెం ఎక్కువ వేయండి, పక్కన బజ్జీలకు బదులు ఉడికించిన గుడ్డు పెట్టుకోండి. గుడ్డులో 70 కేలరీలు, 6 గ్రాముల ప్రోటీన్. ఉగ్గానితో గుడ్డు ఏమిటని నవ్వేవాళ్లు నవ్వనీ. మిరపకాయ బజ్జీ లేకుండా ఉగ్గాని తినడం ద్రోహం అనుకునేవాళ్లకు, వారంలో ఒకరోజు, ఒకటి, కాగితం మీద ఒత్తి తినండి.

కారం దోశ దగ్గర రాజీ తక్కువ. ఎర్రకారం కాదు సమస్య, ఉల్లి, వెల్లుల్లి, ఎండుమిరపకాయల ముద్దలో కేలరీలు నామమాత్రమే. దోశ చుట్టూ పోసే నూనె, పైన వేసే వెన్న, దాని మీద చల్లే పప్పుల పొడి, పక్కన చెనిక్కాయ చట్నీ. పెనం దగ్గర నిలబడి "అన్నా, నూనె తగ్గించు" అంటే కడపలో చాలామంది దోశ మాస్టర్లు నొచ్చుకోరు, అడగాలంతే. ఇంట్లో అయితే ఇదే ఎర్రకారం పలుచగా రాసి, మందపాటి పెనం మీద స్పూను నూనెతో కాల్చుకోవచ్చు. హోటల్ రుచి రాదు, అది ఒప్పుకోవాలి.

ఇడ్లీ అందరూ చెప్పే సురక్షితమైన టిఫిన్. నూనె లేదు, నిజమే. ఒక్కోటి సైజును బట్టి 40 నుంచి 60 కేలరీలు. అయితే ఇడ్లీని మనం ఇడ్లీ కోసం తినం, చట్నీ కోసం తింటాం. మూడు ఇడ్లీలకు మూడుసార్లు చట్నీ పోయించుకుంటే చట్నీ కేలరీలు ఇడ్లీని దాటిపోతాయి. గుంత పొంగణాలు ఇడ్లీకి దగ్గరే, గుంతకు నాలుగు చుక్కల నూనె చాలు. పూరీ, మైసూర్ బోండా, అలసంద వడలు గురించి పెద్దగా చెప్పేదేం లేదు, నూనెలో మునిగి తేలేవే. అలసందల్లో ప్రోటీన్ ఉంది కదా అని వాదించే మిత్రులకు: ఉడికించిన అలసంద గుగ్గిళ్లలో ఇంకా బాగా ఉంది.

రాత్రి మిగిలిన సంగటిని మజ్జిగలో పిసికి, ఉల్లిపాయ, పచ్చిమిరపకాయతో తాగే అలవాటు ఇంకా ఉన్న ఇళ్లు పల్లెల్లో ఉన్నాయి. పట్నంలో అదే రాగి జావగా మారి బెల్లంతో, పాలతో, ఖర్జూరంతో గ్లాసుల్లోకి వచ్చింది. మొదటిది తగ్గడానికి, రెండోది పెరగడానికి. బెల్లంలో ఇనుము ఉంటే ఉండొచ్చు, కేలరీలు మాత్రం చక్కెరకు కొంచెమే తక్కువ. జావ ఉప్పుతో, మజ్జిగతో తాగండి.

గ్లాసులో ఏముంది

ఎండాకాలంలో ఈ మూడు ఊళ్లలోనూ ఎండ 40 డిగ్రీలు దాటడం మామూలే. దాహం నిజమైన దాహమే, దానికి మందు నీళ్లు, మజ్జిగ. ఒక గ్లాసు పలుచని మజ్జిగలో 30 కేలరీలు ఉంటాయి. కొబ్బరిబోండాంలో 50, 60. వీటి తర్వాత లెక్క ఎగిరిపోతుంది.

నన్నారి షర్బత్ సీమకు ఇష్టమైన పానీయం. సుగంధి వేరు చలువే కావచ్చు, కానీ గ్లాసు అడుగున పోసే పాకం దాదాపు చక్కెర. నిమ్మకాయ పిండి, సోడా కొట్టినంత మాత్రాన అది తగ్గదు. తాగాలనుంటే పాకం సగం పోయమనండి, నిమ్మకాయ ఎక్కువ పిండమనండి, రుచి ఇంకా పదునుగా ఉంటుంది. చెరకు రసం పెద్ద గ్లాసులో 30 గ్రాములు దాటి చక్కెర ఉంటుంది. సీసాలో వచ్చే కూల్‌డ్రింకుల్లో 100 మిల్లీలీటర్లకు 10, 11 గ్రాముల చక్కెర అని లేబుల్ మీదే రాసి ఉంటుంది. 250 మిల్లీలీటర్ల సీసా అంటే ఐదు స్పూన్ల పైనే. రోజుకు మొత్తం మీద 25 గ్రాముల లోపు ఉంటే మంచిదని ప్రపంచ ఆరోగ్య సంస్థ మాట. చెరకు రసం సహజం, కూల్‌డ్రింక్ రసాయనం అని పోల్చి మొదటిది రెండు గ్లాసులు తాగేవాళ్లు బరువు విషయంలో గెలిచింది ఏమీ లేదు. చక్కెర లేని కూల్‌డ్రింకులు బరువుకు అడ్డం రావు, ఆరోగ్యానికి పనికొచ్చేదీ ఏమీ లేదు, మామూలు కూల్‌డ్రింకు మానలేని వాళ్లకు మధ్యలో ఒక మెట్టు.

టీ విషయంలో కొంచెం ఆగాలి, ఎందుకంటే చాలామందికి అసలు తూకం ఇక్కడే ఉంది. హోటల్ గ్లాసు చిన్నదే, 80 నుంచి 100 మిల్లీలీటర్లు. అందులో రెండు స్పూన్ల చక్కెర 40 కేలరీలు, పాలు ఇంకో 30, 40. ఒక్కటైతే ఏమీ కాదు. కలెక్టరాఫీసు చుట్టూ తిరిగే పని ఉన్నవాళ్లు, షాపుల్లో కూర్చునేవాళ్లు, ఆటో నడిపేవాళ్లు ఐదారు తాగుతారు. అంటే రోజుకు 400 కేలరీలు, పక్కన బన్నో, ఉస్మానియా బిస్కెట్టో లేకుండానే. ఎవరైనా ఒక్క మార్పు చెప్పమంటే నేను సంగటి అనను, టీలో చక్కెర అంటాను. ఒక్కసారిగా మానేస్తే ముఖం మాడుతుంది కాబట్టి రెండు స్పూన్ల నుంచి ఒకటికి, తర్వాత అరకు. హోటల్లో "చక్కెర తక్కువ" అంటే వాళ్లు వేరుగా కలిపిస్తారు. ముందే కలిపి ఉన్న డికాక్షన్ డ్రమ్ము అయితే ఆ హోటల్ వదిలి పక్క హోటల్‌కు వెళ్లండి.

మందు గురించి రెండు మాటలు. ఆల్కహాల్‌లో గ్రాముకు 7 కేలరీలు. 30 మిల్లీలీటర్ల పెగ్గులో 70 దాకా. మూడు పెగ్గులతో పాటు వచ్చే చికెన్ పకోడా, వేయించిన చెనిక్కాయలు అసలు దెబ్బ.

చెనిక్కాయలు, మాంసం, పండ్లు

అనంతపురం మనిషికి చెనిక్కాయలు తినొద్దని చెప్పడం కుదరని పని. కదిరి పరిశోధనా స్థానం పేరు పెట్టుకున్న రకాలు దేశమంతా విత్తుతున్నారు. మనం తినకుండా ఎవరు తింటారు? తినండి, ఉడకబెట్టి తినండి. పచ్చి కాయలు ఉప్పు వేసి ఉడికిస్తే నీళ్లు పీల్చుకుంటాయి కాబట్టి అదే తూకంలో వేయించిన వాటికంటే కేలరీలు చాలా తక్కువ. పైగా ఒక్కొక్కటి ఒలుచుకుని తినాలి, చెయ్యి అలసిపోతుంది. వేయించిన గింజలు పిడికెడు, అంటే 30 గ్రాములు, 160 నుంచి 170 కేలరీలు. టీవీ చూస్తూ పొట్లం ముందు పెట్టుకుంటే పిడికెడు దగ్గర ఎవరూ ఆగరు. చెనిక్కాయ పప్పుచెక్క బెల్లంతో కలిసి వస్తుంది, పిల్లలకు వదిలేయండి.

నాటుకోడా, బాయిలరా, మటనా? నాటుకోడిలో కొవ్వు తక్కువ, కండ గట్టిది, నమిలి తినాలి, అన్నీ మంచివే. కానీ మనం నాటుకోడిని పసుపు రాసి కాల్చి తోలుతోనే వండుతాం, పులుసులో కొబ్బరి, గసాలు పడతాయి. తోలు తీసిన బాయిలర్ కోడిని తక్కువ నూనెతో వండితే కేలరీల లెక్కలో అదే ముందుంటుంది. రుచి లెక్కలో కాదు. నా సలహా, నాటుకోడి పులుసు తినండి, ముక్కలు ఎక్కువ, పైన తేలిన నూనె తక్కువ, సంగటి ముద్ద చిన్నది. మటన్ కొనేటప్పుడు "కొవ్వు వెయ్యొద్దు భాయ్" అని ముందే చెప్పాలి, తూకం వేశాక చెప్పి లాభం లేదు. ఆదివారం బిరియానీ కంటే ఇంట్లో కోడికూర, రెండు జొన్న రొట్టెలు ఏ రకంగా చూసినా మెరుగు. బిరియానీయే కావాలంటే ప్లేటు ఇద్దరు పంచుకోండి, ముక్కలు సమానంగా.

పండ్లలో ఒకటే సూత్రం: కొరికి తినేది తాగేదానికంటే మేలు. అనంతపురం చీనీకాయ ఒకటి ఒలిచి తొనలు తినడం వేరు, మూడు నాలుగు కాయలు పిండి, పైన చక్కెర వేసి తాగడం వేరు. రసంలో పీచు పోతుంది, చక్కెర మిగులుతుంది. జామకాయ వీటన్నిటికంటే నాకు ముందు, పీచు బాగా ఉంటుంది, ధర తక్కువ, కర్నూలు బండ్ల మీద ఎప్పుడూ దొరుకుతుంది, ఉప్పూకారం మాత్రం తక్కువ చల్లించుకోండి. పులివెందుల అరటిపండు ఒకటి తింటే 90, 100 కేలరీలు, సాయంత్రం బోండా బదులైతే లాభమే, భోజనం పైన అదనంగా అయితే కాదు. సీతాఫలం సీజన్లో ఒకటి చాలు. తిన్నంతసేపు గింజలు ఉమ్మే పనే ఎక్కువ కాబట్టి చాలామందికి ఒకటే సరిపోతుంది కూడా.

ప్యాకెట్ మీద రాగి అని ఉంటే

రాగి బిస్కెట్లు, జొన్న నూడుల్స్, మల్టీగ్రెయిన్ పిండి. ప్యాకెట్ వెనక్కి తిప్పి మొదటి రెండు పదార్థాలు చదవండి. ఎక్కువ పడినదాని పేరే ముందు రాయాలన్నది నిబంధన. మైదా, చక్కెర, పామాయిల్ ముందుండి రాగి నాలుగో పేరైతే అది బిస్కెట్టే. ఓట్స్ మంచివే, కానీ కేలరీల్లో జొన్నకంటే తక్కువేమీ కావు. పిండిమర ఉన్న వీధిలో ఉంటూ ఓట్స్ కోసం అంత డబ్బు పెట్టడం ఎందుకో నాకు అర్థం కాదు.

తూకం ఎంతలో తగ్గాలి అని అడుగుతారు. వారానికి అర కిలో చాలు, అంతకంటే వేగంగా తగ్గించే ప్యాకేజీలు అమ్మేవాళ్లను దూరం పెట్టండి. త్రాసుతో పాటు టేపు కూడా పెట్టుకోండి. మనవాళ్లకు నడుం చుట్టుకొలత మగవాళ్లకు 90 సెంటీమీటర్లు, ఆడవాళ్లకు 80 దాటితే పొట్ట చుట్టూ కొవ్వు ఎక్కువైనట్టు. బరువు కదలకపోయినా టేపు తగ్గుతుంటే పని జరుగుతున్నట్టే.

ఇక పండగలు. ఉగాదికి ఓళిగలు (బొబ్బట్లు) తినకుండా ఉండమని ఎవరూ చెప్పలేరు, చెప్పినా వినేవాళ్లు లేరు. అరచేతి వెడల్పు ఓళిగలో సుమారు 200 కేలరీలు, నెయ్యి స్పూను ఇంకో 45. పండగ రోజు రెండు తిన్నా కొంపలు మునగవు. మునిగేది తర్వాతి మూడు రోజులు, డబ్బాలో మిగిలినవి పొద్దున టీతో ఒకటి, సాయంత్రం పాలతో ఒకటి తిన్నప్పుడు. చేసేటప్పుడే మనిషికి రెండు లెక్కన చేయండి, అంతకు మించి చేస్తే పండగ సాయంత్రమే చిన్నాయన ఇంటికి, పక్కింటికి పంపేయండి. రంజాన్‌కు వచ్చే హలీం గిన్నె, షీర్ ఖుర్మా కూడా ఇదే లెక్క, వచ్చిన గిన్నెను ఇంట్లో అందరికీ కప్పుల్లో పోసి అదే పూట ఖాళీ చేసి, ఆ రాత్రి భోజనం మజ్జిగతో ఆపండి.